బ్యాంకు వడ్డీకి కోర్టు కత్తెర వేస్తుందా?

ఇల్లాలు - చట్టం

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి రాసినదాన్ని ముందుగా తీసుకుంటున్నాను. పేరూ ఊరూ వేయవద్దని కోరారు. ఉత్తరం ఇలా ఉంది:

"అమ్మా! పెద్దవాడి ఇంజనీరింగు ఫీజు కోసం నా కాసులపేరూ, రెండు జతల గాజులూ బ్యాంకులో పెట్టి 1,50,000 రూపాయలు తెచ్చాను. కాసులపేరు మా అమ్మ నాకు పెట్టింది. రేపు అమ్మాయి పెళ్ళికి అదే ఆధారం. గడువు దాటిపోయింది. అసలూ, వడ్డీ, ఇంకా ఏవో ఖర్చులూ కలిపి 1,72,000 కట్టమనీ, లేకపోతే నగలు వేలం వేస్తామనీ నోటీసు వచ్చింది. పక్కింటి వాళ్ళ బావగారు చూసి 'బ్యాంకయినా చేసేది వడ్డీ వ్యాపారమే కదా! వడ్డీ వ్యాపారుల లైసెన్సు చూపించమను. కోర్టుకెళ్తే వడ్డీ సగానికి కోసేస్తారు. నువ్వు పైసా కట్టకు' అంటున్నారు. ఇది నిజమేనా? మా వారికి నోటీసు సంగతి ఇంకా చెప్పలేదు. వేలానికి మూడు వారాలే ఉంది."

జవాబు ముందే చెప్పేస్తాను. కారణాలు తర్వాత తీరిగ్గా చూద్దాం. ఆ బావగారు చెప్పింది నిజం కాదమ్మా. రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న బ్యాంకుకు వడ్డీ వ్యాపారుల చట్టం వర్తించదు. బ్యాంకు వేరే లైసెన్సు చూపించక్కర్లేదు. వడ్డీ ఎక్కువైందన్న ఒక్క కారణంతో కోర్టు ఆ అప్పును తిరగదోడదు. ఆ మాట నమ్ముకుని చేతులు కట్టుకుని కూర్చుంటే మూడు వారాలూ ఇట్టే గడిచిపోతాయి, కాసులపేరు వేలానికి వెళ్ళిపోతుంది.

అయితే బ్యాంకు ఏం చేసినా చెల్లుతుందని కూడా అనుకోవద్దు. దానికి వేరే కళ్ళెం ఉంది. ఆ కళ్ళెం ఎక్కడుందో తెలుసుకుంటే మీ నగలు కాపాడుకోవడానికి దారి దొరుకుతుంది.

ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చింది?

బావగారి మాట గాలిలోంచి పుట్టింది కాదు. అప్పిచ్చినవాడు పేదవాళ్ళ పొలాలూ పుస్తెలూ కాజేయకుండా మన దేశంలో ఎన్నో చట్టాలు వచ్చాయి. 1918లోనే అధిక వడ్డీ అప్పుల చట్టం వచ్చింది. వడ్డీ మరీ అన్యాయంగా ఉంటే కోర్టు ఆ లెక్కను తిరగదోడి తగ్గించవచ్చని అది చెప్పింది. నైజాం కాలంలో హైదరాబాదు సంస్థానంలో 1349 ఫసలీలో, అంటే ఇంగ్లీషు లెక్కలో 1939-40 ప్రాంతంలో, వడ్డీ వ్యాపారుల చట్టం తెచ్చారు. లైసెన్సు లేకుండా అప్పులిచ్చే వ్యాపారం చేసేవాడికి కోర్టులో వసూలు కష్టమని ఆ చట్టం పెట్టిన నియమం. కోస్తా జిల్లాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేవి కదా, అక్కడ 1943లో కుదువ వ్యాపారుల చట్టం వచ్చింది.

'అసలుకు రెట్టింపు ఇస్తే అప్పు తీరినట్టే' అనే మాట మన పెద్దవాళ్ళ నోట విన్నాం. దానికీ మూలం ఉంది. వడ్డీ అసలును మించకూడదని పాత హిందూ ధర్మశాస్త్రం చెప్పేది. 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టంలో కూడా, రైతు అసలుకు రెట్టింపు కట్టేసి ఉంటే అప్పు తీరినట్టేనని రాశారు. అలా తరాలుగా విన్నమాట మనసులో నాటుకుపోయింది. కానీ ఇంటి ఖర్చులకు నగలు పెట్టి బ్యాంకులో తెచ్చిన అప్పుకు ఆ సూత్రాన్ని అంటగట్టలేం.

బ్యాంకుకు ఎందుకు వర్తించదు?

ఇది వంటింటి లెక్కంత సులువుగా చెప్పుకోవచ్చు. వడ్డీ వ్యాపారి తన పెట్టెలో డబ్బు తీసి అప్పిస్తాడు. బ్యాంకు ఇచ్చేది తన డబ్బు కాదు. మీరూ నేనూ పొదుపు ఖాతాలో వేసుకున్నదీ, రిటైరైన మాస్టారు డిపాజిట్ చేసుకున్నదీ కలిపి ఇస్తుంది. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 'బ్యాంకింగ్' అంటే అర్థం ఇలాగే చెబుతుంది: ప్రజల దగ్గర డిపాజిట్లు తీసుకుని, అడిగినప్పుడు తిరిగి ఇస్తూ, ఆ డబ్బును అప్పులకో పెట్టుబడికో వాడడం. అందుకే బ్యాంకుకు తాసిల్దారు ఆఫీసు లైసెన్సు సరిపోదు. ఆ చట్టంలోని 22వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉండాలి.

రెండో సంగతి రాజ్యాంగం. చట్టాలు ఎవరు చేయాలో రాజ్యాంగంలో జాబితాలు ఉన్నాయి. వడ్డీ వ్యాపారం, వ్యవసాయ రుణ విముక్తి రాష్ట్రాల జాబితాలో 30వ అంశం. బ్యాంకింగ్ కేంద్ర జాబితాలో 45వ అంశం. రెండు పొయ్యిలు, రెండు వంటలు. ఒకదాని గరిటె ఇంకోదాంట్లో పెట్టడానికి లేదు. పైగా కేరళ 1958లో చేసిన వడ్డీ వ్యాపారుల చట్టం లాంటివి 'బ్యాంకు వడ్డీ వ్యాపారి కిందికి రాదు' అని తమంతట తామే చెప్పేశాయి.

మూడోది అసలైనది. 1918 నాటి చట్టం చూపించి బ్యాంకు వడ్డీ తగ్గించమని కొందరు కోర్టులకు వెళ్ళేవారు. ఒక కోర్టు తగ్గించేది, ఇంకో కోర్టు తగ్గించేది కాదు. ఈ గందరగోళానికి తెర దించుతూ 1984 ఫిబ్రవరిలో బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 21-ఎ అనే సెక్షన్ చేర్చారు. బ్యాంకు వేసిన వడ్డీ మరీ ఎక్కువగా ఉందన్న కారణంతో ఏ కోర్టూ ఆ అప్పును తిరగదోడరాదని, 1918 చట్టం గానీ రాష్ట్రాల రుణ చట్టాలు గానీ దీనికి అడ్డు రావని అందులో ఉంది. ఆ సెక్షన్ ఇప్పటికీ అమల్లో ఉంది. పక్కింటి బావగారు చెప్పేది 1984కి ముందు మాట అన్నమాట!

మరి మనకు దిక్కెవరు?

ఇక్కడే జాగ్రత్తగా వినాలి. 'వడ్డీ ఎక్కువ' అంటే కోర్టు వినదు. 'ఒప్పుకున్న దానికంటే ఎక్కువ వేశారు', 'రిజర్వు బ్యాంకు వద్దన్న పద్ధతిలో వేశారు' అంటే తప్పకుండా వింటుంది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

కర్ణాటక నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన కార్పొరేషన్ బ్యాంకు కేసులో 1994లో ఈ విషయం తేలింది. రిజర్వు బ్యాంకు ఆదేశాలను దాటి వడ్డీ వేస్తే, 21-ఎ సెక్షన్ బ్యాంకుకు గొడుగు పట్టదని కోర్టు చెప్పింది. 2001లో సెంట్రల్ బ్యాంకు కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రిజర్వు బ్యాంకు ఆదేశాలకు బ్యాంకులు కట్టుబడి ఉండాల్సిందేనంది. గడువు దాటినందుకు వేసే అపరాధ వడ్డీని అసలులో కలిపి దానిమీద మళ్ళీ వడ్డీ వేయకూడదని కూడా ఆ తీర్పులో ఉంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఒకప్పుడు ఏ అప్పుకు ఎంత వడ్డీ అన్నది రిజర్వు బ్యాంకే నిర్ణయించేది. 1994 అక్టోబరు నుంచి రెండు లక్షలు దాటిన అప్పులకు రేటు నిర్ణయం బ్యాంకులకే వదిలేసింది. తర్వాత మిగతా వాటిలో కూడా చాలా భాగం అలాగే అయింది. అందుచేత 'ఇంతకు మించి వేయకూడదు' అనే గీత చాలా అప్పులకు ఇప్పుడు లేదు. మనకు రక్షణ కాగితంలో ఉంది. మీరు సంతకం చేసిన కాగితంలో ఏముందో అదే వేయాలి. అందులో లేనిది వేయకూడదు.

కాగితంలో ఏం చూడాలి?

2024 అక్టోబరు 1 నుంచి ఇంటి అవసరాల అప్పులన్నిటికీ బ్యాంకు ముందుగా 'ముఖ్య వివరాల పత్రం' ఇవ్వాలి. మనకు అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలి. ఖర్చులన్నీ కలుపుకుని ఏడాదికి నూటికి ఎంత పడుతుందో అందులో ఒకే అంకెగా ఉంటుంది. ఆ పత్రంలో రాయని ఖర్చును మీరు ఒప్పుకోకుండా తర్వాత వేయడానికి వీల్లేదు. తెలుగులో అడగడానికి మొహమాటపడకండి. కూరగాయల దగ్గర పావలా కోసం బేరమాడే మనం, లక్షన్నర కాగితం మీద చదవకుండా సంతకం పెట్టడం ఏం న్యాయం?

గడువు దాటితే వేసే జరిమానాకూ నియమం ఉంది. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం కొత్త అప్పులకు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని ప్రకారం జరిమానాను వడ్డీ రేటుకు కలపకూడదు, విడిగా చూపించాలి. ఆ జరిమానా మీద మళ్ళీ వడ్డీ వేయకూడదు. సోదరి రాసిన 'ఇంకా ఏవో ఖర్చులు' అన్నచోట నా కన్ను పడింది అందుకే. ఆ 'ఏవో' ఏమిటో అడగాలి.

చిన్న లెక్క ఒకటి చేద్దాం. 'నూటికి రెండు రూపాయలు' అని వీధిలో చెప్పేది నెల వడ్డీ. అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు చెప్పేది ఏడాది వడ్డీ. ఉదాహరణకు లక్ష రూపాయలకు 12 శాతం అనుకుందాం. మామూలు లెక్కలో ఏడాదికి 12,000. మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలిపితే అదే 12,551 అవుతుంది. 551 రూపాయలు ఎక్కడివంటే వడ్డీ మీద వడ్డీ. అది ఒప్పందంలో ఉంటే తప్పు కాదు. లేకపోతే తప్పు. మీ ఇంట్లో పదో తరగతి చదివే పిల్లవాడు ఉంటే కాగితం పెన్నూ ఇవ్వండి, క్షణంలో వేసి చూపిస్తాడు.

నగల మీద అప్పుకు ప్రత్యేకం

బంగారం, వెండి మీద అప్పులకు 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు ఇచ్చింది. 2026 ఏప్రిల్ 1 నాటికల్లా అమలు చేయాలని గడువు పెట్టింది. అంతకుముందు తీసుకున్న అప్పులకు పాత నిబంధనలే నడుస్తాయి. కొత్త వాటిలో ఆడవాళ్ళు గుర్తుంచుకోవాల్సినవి ఇవి:

నగ తూచేటప్పుడు, నాణ్యం చూసేటప్పుడు మీరు అక్కడే ఉండాలి. రాళ్ళూ ముత్యాల విలువ లెక్కలోకి రాదు, బంగారానికే విలువ.

రెండున్నర లక్షల వరకు అప్పయితే బంగారం విలువలో నూటికి 85 వంతుల దాకా ఇవ్వవచ్చు. రెండున్నర నుంచి అయిదు లక్షలకు 80, ఆపైన 75. అసలూ వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే అప్పయితే, చివరికి కట్టాల్సిన మొత్తాన్ని బట్టి ఈ లెక్క వేస్తారు.

అప్పు పూర్తిగా తీర్చాక నగలు అదే రోజు, ఆలస్యమైతే ఏడు పనిదినాల్లోపల ఇచ్చేయాలి. తప్పు బ్యాంకుదై ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు ఇవ్వాలి.

వేలానికి ముందు మీకు తగిన నోటీసు ఇవ్వాలి. పత్రికల్లో ప్రకటించాలి. వేలంపాట ఆనాటి విలువలో నూటికి 90 వంతులకు తక్కువ కాకుండా మొదలవ్వాలి. రెండుసార్లు వేలం కుదరకపోతే 85 దాకా దించవచ్చు. అప్పు పోగా మిగిలింది ఏడు పనిదినాల్లో మీకు తిరిగి ఇవ్వాలి.

ఉదాహరణకు నగల విలువ 2,40,000, బాకీ 1,72,000 అనుకోండి. పాట 2,16,000 దగ్గర మొదలవుతుంది. ఆ ధరకే పోయినా 44,000 మిగులుతుంది. వేలం ఖర్చులు పోగా ఆ మిగులు మీదే. 'నగలు పోయాయి, ఇంకేం అడుగుతాం' అని ఊరుకునే అక్కచెల్లెళ్ళు ఈ ముక్క మరిచిపోవద్దు.

వీటన్నిటికంటే పాతదీ, అప్పు ఎప్పటిదైనా పనికొచ్చేదీ ఒకటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం. తాకట్టు పెట్టుకున్నవారు తగిన నోటీసు ఇచ్చాకే అమ్మాలని 176వ సెక్షన్ చెబుతుంది. నిజంగా అమ్మకం జరిగే క్షణం దాకా బాకీ, ఖర్చులూ కట్టి వస్తువు విడిపించుకునే హక్కు మీకుందని 177వ సెక్షన్ చెబుతుంది. గడువు దాటితే నగలు బ్యాంకువి అయిపోవు. అమ్మేదాకా అవి మీవే.

ఇప్పుడు ఏం చేయాలి?

సోదరీ! ఈ మూడు వారాల్లో చేయాల్సిన పనులు వరసగా రాస్తున్నాను.

మొదటిది, ఈ రాత్రే మీవారికి చెప్పండి. కోప్పడతారేమో. కానీ వేలం అయ్యాక తెలిస్తే వచ్చే కోపం కంటే ఇది నయం. డబ్బు సర్దడానికి ఇద్దరి తలలు కావాలి.

రెండోది, రేపు బ్యాంకుకు వెళ్ళి ఖాతా వివరాల కాగితం అడగండి. అసలెంత, వడ్డీ ఏ రేటున ఎన్ని రోజులకు, జరిమానా ఎంత, నోటీసు ఖర్చెంత, నాలుగూ విడివిడిగా చూపించమనండి. నోటి మాటగా వద్దు. అర్జీ రాసి రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదానిమీద తేదీతో ముద్ర వేయించుకోండి.

మూడోది, అదే అర్జీలో వడ్డీ వరకు కట్టి గడువు పొడిగించే వీలుందేమో, కొంత కట్టి కొన్ని నగలు విడిపించుకునే వీలుందేమో అడగండి. ఒప్పుకోవడం బ్యాంకు ఇష్టం. అడగడం మీ హక్కు. చేతిలో ఎంతుంటే అంత కట్టి రసీదు దాచండి. 'పైసా కట్టకు' అనే సలహా ఇచ్చినవారు రేపు కాసులపేరు తెచ్చి ఇవ్వరు కదా!

నాలుగోది, లెక్కలో కాగితానికి మించి వేసినట్టు కనిపిస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, ప్లీడరు అక్కర్లేదు. సందేహాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చు. అయితే రేటు ఎక్కువని తగ్గించడం ఓంబుడ్స్‌మన్ పని కాదు. నిబంధన తప్పితేనే ఆయన కలగజేసుకుంటారు. మీ విషయంలో వేలం మూడు వారాల్లోనే ఉంది కాబట్టి ముప్ఫయి రోజులు ఎదురుచూసే సావకాశం లేదు. అందుకే అయిదో పని కూడా చెబుతున్నాను.

అయిదోది, నోటీసే సరిగ్గా లేకపోతే, లేదా కట్టిన సొమ్ము జమ కాకపోతే, వేలం ఆపమని కోర్టును అడగడానికి కారణం ఉన్నట్టే. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. సాధారణంగా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఈ సంగతి చాలామంది ఇల్లాళ్ళకు తెలియదు. సేవాలోపం మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్ళవచ్చు.

మరికొన్ని ప్రశ్నలు

ఇదే విషయం మీద మరికొందరు అడిగినవాటికి క్లుప్తంగా జవాబులు.

ప్రశ్న: మాది బ్యాంకు కాదు, ఫైనాన్సు కంపెనీ అప్పు. దానికైనా వడ్డీ వ్యాపారుల చట్టం వర్తిస్తుందా? - ఒక సోదరి, వరంగల్లు

జవాబు: కంపెనీ రిజర్వు బ్యాంకులో రిజిస్టరు అయిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అయి ఉంటే వర్తించదు. కేరళ, గుజరాత్ చట్టాల మీద వచ్చిన కేసుల్లో సుప్రీంకోర్టు 2022 మేలో ఇలా తీర్పు చెప్పింది. మన దగ్గర 2010లో సూక్ష్మ రుణ సంస్థల వాళ్ళు వారం వారం ఇళ్ళ మీద పడి వసూలు చేస్తుంటే ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు, ఆ తర్వాత చట్టం తెచ్చింది. వడ్డీ అసలును మించరాదని అందులో ఉంది. రిజర్వు బ్యాంకులో రిజిస్టరైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తేల్చింది. ఇప్పుడు వాటికి రిజర్వు బ్యాంకు 2022 నిబంధనలు ఉన్నాయి. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి హామీ లేకుండా ఇచ్చే సూక్ష్మ రుణమైతే, అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఇవి బ్యాంకులకూ వర్తిస్తాయి.

ప్రశ్న: వసూలుకు వచ్చినవాళ్ళు రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు చేస్తున్నారు. అత్తగారి ముందు తలెత్తుకోలేకపోతున్నాను. - ఒక చెల్లెలు, కర్నూలు

జవాబు: పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. తిట్టడం, బెదిరించడం, చుట్టాలకు చెప్పి పరువు తీయడం కూడా కూడదు. ఫోను వచ్చిన తేదీ, వేళ, నంబరు ఒక పుస్తకంలో రాసుకుని బ్యాంకుకు ఫిర్యాదు ఇవ్వండి. అప్పు ఉండడం తప్పు కాదమ్మా, తల దించుకోవద్దు.

ప్రశ్న: మా డ్వాక్రా గ్రూపు బ్యాంకు అప్పుకు మా పొదుపు ఖాతాను ఆపి ఉంచవచ్చా? - ఒక గ్రూపు లీడరు, నల్గొండ

జవాబు: గ్రూపుకు వచ్చేది బ్యాంకు అప్పే, దానికి కూడా వడ్డీ వ్యాపారుల చట్టం రాదు. అయితే 10 లక్షల వరకు స్వయం సహాయక బృందాల అప్పులకు హామీ అడగకూడదు, గ్రూపు పొదుపు ఖాతాను పట్టి ఉంచకూడదు అన్నది రిజర్వు బ్యాంకు నియమం. మేనేజరుగారికి రాతలో గుర్తు చేయండి.

ప్రశ్న: మరి వడ్డీ వ్యాపారుల చట్టం ఎవరికి వర్తిస్తుంది? - ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వీధి చివర అప్పులిచ్చి బతికే వ్యాపారికీ, కుదువ కొట్టు సేటుకూ, రిజర్వు బ్యాంకు రిజిస్ట్రేషన్ లేని ఫైనాన్సుకూ రాష్ట్రాల చట్టాలు వర్తిస్తాయి. లైసెన్సు ఎక్కడ తగిలించాడో చూడండి. నగ పెడితే బరువూ వడ్డీ రాసిన కుదువ చీటీ అడగండి. ఇక పక్కింటావిడ మొహమాటానికి ఇచ్చే చేబదులు వ్యాపారం కిందికి రాదు. ఆవిడను లైసెన్సు అడిగి స్నేహం పాడుచేసుకోకండి!

ప్రశ్న: ఇంటి అప్పు తీరి మూడు నెలలైంది. దస్తావేజులు ఇంకా ఇవ్వలేదు. - ఒక సోదరి, హైదరాబాదు

జవాబు: అప్పు తీరిన 30 రోజుల్లో ఇచ్చేయాలి. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న నియమం ఇది. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయలు మీకు ఇవ్వాలి. అప్పు తీరిన తేదీ చూపించే కాగితం జతచేసి ఈ రోజే అర్జీ ఇవ్వండి.

చివరిగా అందరికీ ఒక మాట. పోపులపెట్టెలో ఆవాలూ మెంతులూ విడివిడిగా పెట్టుకుంటాం. అప్పుల కాగితాలు కూడా అలాగే ఒక్కో అప్పుకు ఒక్కో కవరులో పెట్టుకోండి. ఒప్పందం, ముఖ్య వివరాల పత్రం, నగల బరువు రాసిన చీటీ, కట్టిన రసీదులు, వచ్చిన నోటీసులు అందులో ఉండాలి. బ్యాంకుతో మాట్లాడేటప్పుడు 'మీ వడ్డీ అన్యాయం' అంటే ఎవరూ వినరు. 'ఈ కాగితంలో లేని ఈ 1,800 ఎందుకు వేశారు?' అంటే జవాబు చెప్పి తీరాలి.

వచ్చే వారం చీటీపాటల గురించి మాట్లాడుకుందాం. మీ ఊళ్ళో చీటీ నడిపేవారు రిజిస్ట్రేషన్ కాగితం చూపించారో లేదో ఈలోగా కనుక్కుని ఉంచండి.